సైరన్ ఆగిన చోటు

మా ఉద్యోగంలో డ్రైవర్ని డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. పేరు ఆకాశంలో ఉన్నా మేం తిరిగేది మాత్రం పుత్తూరు రోడ్డు మీదే. నా పేరు ధనంజయ. పదకొండేళ్ళుగా నగరి నుంచి తిరుపతి పెద్దాసుపత్రికి అంబులెన్సు తోలుతున్నాను.

వెనకాల రోగిని చూసుకునే టెక్నీషియన్ మునిప్రసాద్. ఒక్కడే ఉంటాడు కాబట్టి, అతనికి మూడో చేయీ నాలుగో చేయీ ఎప్పుడూ బంధువులవే. సెలైన్ సీసా ఎత్తి పట్టుకునేది వాళ్ళే, కాళ్ళు అదిమి పట్టేది వాళ్ళే. ఊపిరి సరిగా ఆడనివాళ్ళకు ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, దానికి తగిలించిన రబ్బరు సంచిని చేత్తో వత్తుతూ లోపలికి గాలి పంపాలి. మునిప్రసాద్ చేతులు ఖాళీ లేకపోతే ఆ సంచి బంధువు చేతిలో పెడతాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, వత్తు. నేను చెప్పేదాకా ఆపొద్దు" అని నేర్పుతాడు. భర్తకు భార్య, కొడుక్కి తల్లి, అలా దారి పొడుగునా ఊపిరి పోస్తూ వస్తారు. క్యాబినుకూ వెనక భాగానికీ మధ్య ఒక చిన్న అద్దం తలుపు ఉంటుంది. ఆ సందులోంచి 'వత్తు' అన్న మాట వింటూ నేను బండి తోలతాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా వైపు జనానికి ఒక నమ్మకం ఉంది. సైరన్ మోగుతూ పోతుంటే బండిలో మనిషి ఉన్నట్టు, ఆగితే లేనట్టు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు, అయినా అందరికీ తెలుసు. అందుకే దారిలో ప్రాణం పోయినా ఆసుపత్రి గేటు దాకా మేం సైరన్ ఆపం. ఆ కబురు చెప్పాల్సింది డాక్టరు, బండి కాదు.

ఇంత తెలిసినవాణ్ణి, నేనే ఆపాను.

మా అమ్మ కోసం ఆపాను. వడమాలపేట దాటాక రోడ్డు పక్కనే మా ఊరు. అమ్మ చంద్రకాంతమ్మకు గుండె జబ్బు. సైరన్ వినబడితే చాలు, ఆ బండిలో పడుకుని పోతున్నది నేనే అనుకుంటుంది. "నేను తోలేవాణ్ణి మా, పడుకునేవాణ్ణి కాదు" అని ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. నేను ఫోన్ చేసేదాకా గేటు పట్టుకుని నిలబడుతుంది. ఒకసారి అలా నిలబడే పడిపోయింది. అప్పటినుంచి మా ఊరి బోర్డు రాగానే సైరన్ ఆపి, పెట్రోల్ బంకు దాటాక మళ్ళీ వేసేవాణ్ణి. ముప్పావు కిలోమీటరు కూడా ఉండదు. దానివల్ల ఎవరికేం నష్టం అనుకున్నాను.

పోయిన ఏడు మార్చిలో ఒక మధ్యాహ్నం జయచంద్రను ఎక్కించుకున్నాం. నగరిలో మరమగ్గాల షెడ్డులో పనిచేసే మనిషి. టూవీలరు మీద వస్తుంటే లారీ కొట్టింది. తలకు దెబ్బ, తొడ చీలిపోయి రక్తం ఆగడం లేదు. భార్య పంకజాక్షి అతని తలవైపు కూర్చుంది. మునిప్రసాద్ మాస్కుకు పట్టీ బిగించి, సంచి ఆమె చేతిలో పెట్టి, తాను తొడ మీదికి వంగిపోయాడు. ఆమె లెక్క తప్పకుండా చెబుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, వత్తు.

ఊరి బోర్డు దగ్గర అలవాటుగా నా వేలు సైరన్ స్విచ్ మీదికి పోయింది. సైరన్ ఉన్నా లేకపోయినా మధ్యాహ్నాలు గేటు దగ్గరే కూర్చునే అమ్మ ఆ రోజు కనబడలేదు. ఏమైందో అన్న బెంగతో బంకు దాటాక మళ్ళీ సైరన్ వేయడం మర్చిపోయాను. వెనక లెక్క ఆగిపోయిన సంగతి కూడా నా చెవికెక్కలేదు. నాలుగైదు కిలోమీటర్లు పోయాక మునిప్రసాద్ అద్దం జరిపి, "సైరన్ ఏదప్పా?" అన్నాడు. ఆ వెంటనే అతని కేక వినబడింది. "అమ్మా, వత్తేది ఎందుకు ఆపినావు?"

ఆమె సంచి వదిలేసి, పోయినవాళ్ళకు పెట్టినట్టు మొగుడి రెండు చేతులూ అతని ఛాతీ మీద పెడుతోందట.

మునిప్రసాద్ ఆసుపత్రి దాకా గుండె వత్తుతూనే ఉన్నాడు. ఫలితం లేదు. తలకు తగిలిన దెబ్బ చూసి, ఎలాగైనా కష్టమే అన్నాడు డాక్టరు. కష్టం అన్నాడు గానీ బతకడు అనలేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

పదోరోజున పంకజాక్షి, అత్త దేవకమ్మ మా బండి నిలిపే చోటుకు వచ్చారు. వాళ్ళింట్లో ఒక ఆచారం ఉందట. దారిలో పోయినవాళ్ళకు పోయిన చోటే రాయి నిలిపి, పసుపు పూసి, అక్కడి నుంచి పిడికెడు మన్ను ఇంటికి తెచ్చి కర్మ చేయాలి. లేకపోతే ఆ మనిషికి ఇంటి దారి దొరకదు.

"అన్నా, ఆ పొద్దు సైరన్ యాడ ఆపినారో ఆ చోటు సూపించండి" అంది పంకజాక్షి.

ఆమె అత్తకు వినబడకుండా నాలుగడుగులు ఇవతలికి వచ్చింది.

"సైరన్ ఆగినాక నేను సంచి వదిలేసినాను. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉండింది. రేత్రుళ్ళు చెయ్యి వత్తుతానే ఉంటాదన్నా, నిద్దర్లో కూడా. ఒక్క మాట చెప్పండి. ఆయన పోయినాడని తెలిసే గదా మీరు ఆపినారు?"

ఆమె కుడిచెయ్యి ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంది. నిజం చెబితే ఆ చెయ్యి ఏమైపోతుందో నాకు అర్థమైంది. అబద్ధం చెబితే నేనేమైపోతానో మాత్రం అర్థం కాలేదు. అదీగాక నిజం చెప్పే ధైర్యం నాకు లేదు, దాన్ని దయ అని పేరు పెట్టుకుని దాచుకోవడం ఎందుకు?

"అవునమ్మా. తెలిసే ఆపినాను" అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. అత్త దగ్గరికి పోయి, "పైలట్ అన్నే చెప్పినాడత్తా, అప్పటికే పోయినాడంట" అంది. దేవకమ్మ నాకు దండం పెట్టింది. నేను తల తిప్పుకున్నాను.

అలా మా ఊరి బోర్డు పక్కన రాయి నిలిచింది. సంగతి తెలియని మా అమ్మే దానికి రోజూ నీళ్ళు పోసి రెండు పూలు పెట్టేది. "ఈడ యాక్సిడెంటు ఎప్పుడైందిరా, నేను సూడనేలేదే. ఎవురి బిడ్డో పాపం" అనేది.

మునిప్రసాద్‌కు అంతా చెప్పాను. "ఇప్పుడు తవ్వి ఏం సేస్తావప్పా, ఆ యమ్మ నిద్దరపోతా ఉండాది, పోనీ" అన్నాడు. ఆమె నిద్రపోయేదేమో గానీ నా సంగతి వేరు. ఖాళీ బండి తోలుకొస్తుంటే వెనక నుంచి లెక్క వినబడేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆపైన 'వత్తు' వినబడేది కాదు. బండి ఆపి, వెనక తలుపు తీసి చూసేవాణ్ణి. స్ట్రెచరు, మడిచిన దుప్పటి, కొక్కేనికి వేలాడుతున్న సంచి. అంతకుమించి ఏమీ ఉండేది కాదు, అయినా మళ్ళీ మళ్ళీ దిగి చూసేవాణ్ణి. సైరన్ మాత్రం ఇంకెప్పుడూ ఆపలేదు. పక్కన మనిషి మాట వినబడకపోయినా, మా అమ్మ గేటు పట్టుకుని వణుకుతున్నా, మోగిస్తూనే పోయాను.

ఈ ఏడు ఆగస్టులో ఒక ఉదయం మళ్ళీ ఆ ఇంటి మనిషినే ఎక్కించుకోవాల్సి వచ్చింది. మగ్గాల షెడ్డులో నూలు మూటల వెనక నాగుపాము దేవకమ్మను కరిచింది. నగరి ఆసుపత్రిలో విషానికి మందు ఎక్కించారు గానీ ఊపిరి తగ్గిపోతోంది, తిరుపతిలో మెషీను మీద పెట్టాలన్నారు. రెప్పలు వాలిపోయాయి, కాలూ చెయ్యీ ఆడటం లేదు. మాస్కు గాలి పోకుండా అదిమి పట్టడానికి మునిప్రసాద్‌కు రెండు చేతులూ కావాలి. సంచి పంకజాక్షి చేతికి వచ్చింది. ఆమెకు నేర్పాల్సిన పనిలేదు.

కథల్లో అయితే ఆ రాయి దగ్గరే జరిగేది. కానీ పుత్తూరు ఇంకా దాటనే లేదు, సైరన్ ఒక్కసారి గురక పెట్టి ఆగిపోయింది. ఫ్యూజు కాలిపోయింది. ఏడాదిన్నరగా దానికి నేను ఊపిరి తిప్పుకోనిచ్చింది లేదు మరి.

వెనక లెక్క కూడా ఆగింది. ఈసారి నా చెవికి ఎక్కింది.

"వత్తమ్మా, నాడి ఉండాది" అన్నాడు మునిప్రసాద్.

"సైరన్ ఆగిపాయె గదా సార్. ఇంక ఆ యమ్మను కష్టపెట్టొద్దండి."

"నేను చెప్తా ఉండా గదమ్మా, ప్రాణం ఉండాది."

"ఆ పొద్దు కూడా మీరు వత్తమనే అన్నారు" అంది. ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. "అన్నకు తెలుస్తాది."

నేను అద్దం జరిపాను. "పంకజాక్షమ్మా, ఫ్యూజు పోయింది, అంతే. మీ అత్త ఉండాది. వత్తు."

చప్పుడు లేదు. ఎదురుగా లారీ వస్తోంది. వెనక్కి చూసే అద్దంలో ఆమె కళ్ళు మాత్రం కనబడ్డాయి.

"మరి ఆ పొద్దు?" అంది.

ఇప్పుడు మళ్ళీ అబద్ధం చెప్పాలంటే దేవకమ్మ ప్రాణం పెట్టి చెప్పాలి.

"ఆ పొద్దు కూడా ఉన్నాడమ్మా. మా అమ్మ బయపడతాదని మా ఊరి కాడ నేనే ఆపినాను. మీ ఆయన అప్పటికి పోలేదు. నీకు అబద్ధం చెప్పినాను. వత్తమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆ తర్వాత సంచి గాలి పీల్చుకున్న చప్పుడు వినబడింది. ఆమె లెక్క పైకి చెప్పలేదు. వత్తు మాత్రం తప్పలేదు. నేను హారన్ మీద చెయ్యి తీయకుండా తిరుపతి దాకా తోలాను. రాయి పక్కనుంచి కూడా అలాగే పోయాం. ఆసుపత్రి గేటు దగ్గర ఆమె వేళ్ళు విప్పడానికి ఇద్దరు నర్సులు కావలసివచ్చారు.

నాలుగు రోజులకు దేవకమ్మకు మెషీను తీశారు. ఆరోరోజున మునిప్రసాద్, నేను చూడటానికి పోయాం. అతనే నన్ను లాక్కుపోయాడు. పంకజాక్షి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. ఆమె కుడిచేతిని దేవకమ్మ తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఉంది.

పాము విషం ఒంటిని పడేస్తుంది గానీ చెవుల్ని ఏమీ చేయదు. ఆ మాట మునిప్రసాద్ నాకు ఎన్నోసార్లు చెప్పాడు. అయినా ఆ రోజు బండిలో ఇద్దరికీ గుర్తు రాలేదు.

"అంతా ఇన్నాను నాయనా" అంది దేవకమ్మ. గొట్టం పెట్టిన గొంతు కదా, మాట గీరుకుంటూ వచ్చింది. "కన్ను తెరవలేకపోయినాను గానీ, ప్రతి మాటా ఇన్నాను."

నేను తిట్లకు సిద్ధపడే పోయాను. కొట్టినా పడదామనుకున్నాను.

"నిన్నేం అనేదానికి కాదులే. మీ యమ్మకు నువ్వు కొడుకువి" అని కాసేపు ఊపిరి తీసుకుంది. "ఒకటే అడగతాను. రాయి మార్చాల. మా వోడు ఆడ పోలేదంటివి గదా. మరి యాడ పోయినాడు?"

పంకజాక్షి అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

ఊరి బోర్డు దాటాక, మునిప్రసాద్ తలెత్తేలోపల, నాలుగైదు కిలోమీటర్లు. బంకు దగ్గరా, కల్వర్టు దగ్గరా, మామిడి తోట దగ్గరా? నేను సైరన్ మర్చిపోయి, అమ్మ గేటు దగ్గర ఎందుకు లేదా అని ఆలోచిస్తూ తోలిన ఆ దూరంలో ఎక్కడో. చూసినవాళ్ళు లేరు.

"తెలీదమ్మా" అన్నాను. వాళ్ళు అడగ్గానే నేను చెప్పిన నిజం అదొక్కటే.

రాయి ఇంకా మా ఊరి బోర్డు పక్కనే ఉంది. ఎక్కడికి మార్చాలో ఎవరికీ తెలియదు. మా అమ్మకు మాత్రం అన్నీ చెప్పాను. ఇప్పుడు సైరన్ విన్నా గేటు దగ్గరికి రావడం లేదు. ఆ ముక్క రోడ్డు మీద రోజుకు నాలుగుసార్లు పోయి వస్తాను. ఆ దారిలో ఏదో ఒక చోట, ప్రతిసారీ, జయచంద్ర మీదుగానే బండి తోలుతున్నాను.