పొయ్యి అన్న పాపానికి

అరిసెలు ఒంటి చేత్తో అయ్యే పని కాదు. పాకం కలపడానికి ఒకరు, పిండి పోయడానికి ఒకరు ఉండాలి. మా ఇంట్లో ఆ ఇద్దరూ నేనూ, మా తోడికోడలూ. మా ఇద్దరికీ మాటల్లేవు.

కారణం ఒక జాకెట్టు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. మొన్నటి పెళ్ళికి ఆవిడకి కుట్టిన జాకెట్టు కాస్త బిగుసుకుపోయింది. నలుగురిలో నిలబడి, "మా అక్కది కొలత కాదు, అంచనా" అంది. నేను ఊరుకుంటానా? "కొలత తగ్గలేదమ్మా, మనిషి పెరిగింది" అన్నాను. చుట్టాలంతా ఘొల్లున నవ్వారు. అంతే, అప్పట్నుంచీ ఒకే వంటింట్లో తిరుగుతూ ఒకరికొకరం గోడలమైపోయాం.

నిజం చెప్పొద్దూ, నాకు మాట్లాడాలనే ఉంది. బ్యాంకు నుంచి వస్తూనే, గుమ్మంలో చెప్పులైనా విడవకుండా కబుర్లు మొదలుపెట్టే మనిషి. ఆ గొంతు లేక సాయంత్రాలు ఉప్పులేని కూరలా ఉన్నాయి. కానీ ముందు నోరు తెరిచినవాళ్ళదే తప్పన్నట్టవుతుంది కదా!

అలాంటి సమయంలో మా ఆడపడుచు ఫోను చేసింది. వేవిళ్ళతో ఏదీ సయించడం లేదట, అరిసెలు తినాలనుందట, మర్నాడు సాయంత్రం వస్తోందట. అత్తగారేమో చెయ్యి విరిగి కట్టుతో ఉన్నారు. "కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది. ఎలా చేస్తారో మీ ఇష్టం" అని బియ్యం నానబోయించారు. తెల్లారి వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"అత్తయ్యా, పిండి జల్లించడం అయిందేమో అడగండి" అన్నాను, బెల్లం కరిగిస్తూ.

"అయిందని చెప్పండి అత్తయ్యా. తడి ఆరిపోతోంది, పాకం కాస్త త్వరగా కానివ్వమనండి" అంది మా తోడికోడలు, నా మోచేతి పక్కనే నిలబడి.

"నేను మనిషినా, టెలిఫోను తీగనా?" అని విసుక్కున్నారు అత్తగారు. సరిగ్గా అప్పుడే ముందుగదిలో అత్తగారి ఫోను మోగింది. లేచి వెళ్ళిపోయారు. మాకు రాయబారి లేకుండా పోయింది.

పాకం పొంగడం మొదలెట్టింది. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక చుక్క వేసి చూశాను. వేలికి సాగుతోంది గానీ ఉండ కట్టడం లేదు. ఉండ కట్టకపోతే అరిసె నూనెలో విచ్చిపోతుంది. పాకం ఇంకా మరగాలి, కానీ పొంగిపోకుండా మంట తగ్గించాలి. నాకేమో ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో పళ్ళెం. మంట తగ్గించే మీట ఆవిడ వైపుంది. "తగ్గించు" అంటే నేనే ముందు పలకరించినట్టు. "తగ్గించండి" అంటే వెటకారం. అందుకని మనిషిని వదిలేసి వస్తువు పేరు పలికాను.

"పొయ్యి! పొయ్యి!"

ఆవిడ మొహం వెలిగిపోయింది. "పోస్తున్నా అక్కా!" అంటూ బేసిను ఎత్తి పిండంతా ఒక్కసారిగా కుమ్మరించింది.

"అయ్యో! నిన్ను పొయ్యమన్నానా? పొయ్యి అన్నాను, పొయ్యి! మంట!"

ఇక కలపక తప్పదు, పొయ్యి ఆపేసి తిప్పాను. ముద్ద గట్టిపడక గరిటె మీంచి జారుతోంది. కలుపుదామంటే ఇంకో గుప్పెడు పిండి లేదు. "కళ్ళు నెత్తికెక్కాయా? పాకం చూసుకోవద్దూ?" అని కసిరేశాను.

ఆవిడ ఖాళీ బేసిను గుండెలకి ఆనించుకుని నిలబడింది. "ఇన్నాళ్ళకి నాతో మాట్లాడావనుకున్నా అక్కా. ఆ సంతోషంలో పాకం ఎక్కడ చూస్తాను?" అంది.

నా కోపం ఎటు పోయిందో తెలీదు. కళ్ళు చెమర్చాయి. పాకం ఆవిరని సర్దుకుందామన్నా, అప్పటికి పొయ్యి ఆపేసి ఉంది. "పిచ్చిమొహమా, మాట్లాడాలని నాకు మాత్రం లేదా?" అన్నాను.

అత్తగారు తిరిగొచ్చి మా ఇద్దర్నీ చూశారు, గిన్నెలోకీ చూశారు. "ఏమర్రా, మాట్లాడుకుంటున్నారా?"

"లేదత్తయ్యా, తిట్టుకుంటున్నాం" అంది మా తోడికోడలు, ముక్కు తుడుచుకుంటూ. "అరిసెలు పాడుచేశాను."

అత్తగారు బాగున్న చేత్తో కాస్త చిదిమి నోట్లో వేసుకున్నారు. "అరిసెలకైతే లేత. చలిమిడికి దివ్యంగా ఉంది. ఇంత నెయ్యీ, వేయించిన కొబ్బరిముక్కలూ, గసాలూ కలపండి. కడుపుతో ఉన్న పిల్లకి చలవ" అన్నారు. వెళ్ళి కుర్చీలో కూర్చుని, "ఈ ఇంటికి కూడా" అని చేర్చారు.

సాయంత్రం ఆడపడుచు వచ్చింది. అరిసెలేవని అడుగుతూనే చలిమిడి ఉండలు ఒకదాని వెంట ఒకటి లాగించింది. వాంతి లేదు, వికారం లేదు. "అరిసెలేమయ్యాయి వదినా?" అని మళ్ళీ అడిగితే, ఇద్దరం ఒకేసారి "పొయ్యి మింగేసింది" అన్నాం. కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. ఆడపడుచుకి మాత్రం ఏమీ అర్థం కాలేదు.

గిన్నెలు సర్దుతూ, "ఆ జాకెట్టు పట్టుకురా, కుట్లు విప్పి వదులు చేస్తాను" అన్నాను మా తోడికోడలితో.

తను ఇంకో ఉండ నోట్లో వేసుకుని, "కాస్త ఎక్కువే వదులు చెయ్యక్కా" అంది.