ట్రయల్‌కు పోయిన బండి

"ఇంగొక్కసారి కొట్టు" అన్నాడు యేసుప్రసాద్, బండి కింద వెల్లకిలా పడుకునే.

పైన డ్రైవరు సీట్లో ఉన్న బసవన్న తాళం తిప్పాడు. సెల్ఫు మోటారు ఒకసారి మూలిగింది. ఇంజను సగం తిరిగి, ఇక నావల్ల కాదన్నట్టు నిలబడిపోయింది. పొద్దున్నించీ ఇదే వరస. యేసుప్రసాద్ పాక్కుంటూ బయటికొచ్చి, మోకాళ్ళ మీద చేతులానించి లేచి, బండిని ఎగాదిగా చూశాడు. పేచీ పెట్టే పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు గానీ, ఆ చూపులో కోపం లేదు. దిగులు అసలే లేదు.

అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, మెడ అనేదే లేనట్టుంటాడు. కుడి ముంజేతి మీద రేడియేటరు నీళ్ళు పడి కాలిన మచ్చ ఉంది. గోళ్ళ అంచున నల్లటి చార సబ్బుకూ లొంగదు, కిరసనాయిలుకూ లొంగదు. అందుకే ఆదివారం చర్చిలో ఎవరైనా చేయి కలపబోతే అరచేయి ఇవ్వడు, మణికట్టు చాపుతాడు. తెల్లచొక్కాల వాళ్ళకు మరక అంటకూడదని ఆయన బాధ. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఇదేదో ఇక్కడి ఆచారం కాబోలనుకొని కొన్నాళ్ళు అందరికీ మణికట్టే ఇచ్చాడు.

కల్లూరులో కొత్త మేడల మధ్య ఇరుక్కుపోయిన రేకుల షెడ్డు ఆయనది. అందులో ఇప్పుడున్నది బసవన్న పాత పికప్పు ఒక్కటే. బసవన్నది కోడుమూరు, నేతవాళ్ళ ఇల్లు. మగ్గం భార్యకు వదిలి, నాలుగిళ్ళ చీరలూ దుప్పట్లూ ఈ బండిలో వేసుకొని సంతలు తిరిగి అమ్ముతాడు. ఎండాకాలంలో ఇంజను పగిలి కూర్చుంది. పాత ఇనుము కింద అమ్మెయ్యమని ఊరంతా చెప్పింది. యేసుప్రసాద్ ఒక్కడే కాదన్నాడు. వాగులో పడి నుజ్జయిన ఒక కొత్త రకం పికప్పులోంచి ఇంజను సంపాదించి, అది ఈ బండిలో కూర్చోకపోతే కమ్మీలు కోసి, వెల్డింగు పెట్టించి, కూర్చోబెట్టాడు. దసరా సంతకు బండి పోతుందని మాటిచ్చాడు.

ఆ మాట ఇప్పుడు ఇరుకున పడింది. బసవన్న బావమరిది ఓర్వకల్లు దగ్గర ఫ్యాక్టరీ స్థలాల్లో వాచ్‌మన్ పని చూసి పెట్టాడు. వస్తాడో రాడో ఈ సాయంత్రంలోగా చెప్పాలి. బండి కదిలితే బసవన్న తన బతుకు తాను బతుకుతాడు. కదలకపోతే బండి ఇనుము కొట్టుకు, మనిషి కర్ర పట్టుకొని గేటుకు. ఇంతే లెక్క.

బ్యాటరీ నీరసపడిందేమో అని పక్క సందులోని ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి పెట్టారు. అదే మూలుగు. సెల్ఫు విప్పి ఎలక్ట్రీషియను దగ్గరికి తీసుకుపోతే, అతని బల్ల మీద అది గిర్రున తిరిగింది. ఇంజను బిగుసుకుందేమో అని గడ్డపార లాంటి పానా వేసి చేత్తో తిప్పితే, సుతారంగా తిరిగింది. బ్యాటరీ మంచిదే, సెల్ఫు మంచిదే, ఇంజను మంచిదే. మూడింటినీ కలిపితే మాత్రం ఒకదాని మొహం ఒకటి చూడవు. బసవన్న ఇంజను మీద మూడు వేళ్ళతో విభూతి పెట్టాడు. యేసుప్రసాద్ కళ్ళు మూసుకొని చిన్న ప్రార్థన చేశాడు. దానికీ అది కదల్లేదు.

బసవన్న దిగివచ్చి రాతి మీద కూలబడ్డాడు. జేబులో ఫోను మోగింది. బావమరిదే. ఎత్తలేదు.

"నీ తప్పేం లేదన్నా" అన్నాడు నేలకేసి చూస్తూ. "దీనికీ నాకూ రుణం తీరినట్టుండాది. సాయంత్రం ఇనుమోళ్ళను రమ్మంటా. తాడు కట్టి లాక్కొనిపోతారు."

"నా షెడ్డులోంచి తాడు కట్టి పోయిన బండి ఇంతవరకు లేదప్పా" అన్నాడు యేసుప్రసాద్. గొప్పకు అన్నమాట కాదు, ఉన్నమాట. "నువ్వు మొగం కడుక్కొని రాపో. అన్నం తిని చూస్తాం."

అప్పటికి రాహేలమ్మ క్యారియరుతో వచ్చింది. సన్నగా, పొడుగ్గా, భర్త కంటే జానెడు ఎత్తు. రొట్టెలూ, వంకాయ కూరా పెడుతూ ఆమె అడిగే మాట ఎప్పుడూ ఒకటే: ట్రయల్ ఎప్పుడు?

ఎందుకంటే వాళ్ళ సంసారమంతా ట్రయల్ మీదే నడిచింది. వేలాది బండ్లు బాగుచేసినవాడు సొంతానికి ఒక స్కూటరు కూడా కొనలేదు. కొనాలన్న ఆశా పెద్దగా లేదు. బాగుచేసిన ప్రతి బండినీ నాలుగు మైళ్ళు తిప్పి చూడాలి కదా, ఆ తిప్పేదేదో పనికొచ్చే దిక్కుకే తిప్పుదాం అన్నది ఆయన పద్ధతి. ఆత్మకూరులో పెళ్ళయ్యాక పెళ్ళికూతుర్ని తెచ్చింది ఎవరిదో కాంట్రాక్టరు జీపులో, ట్రయల్ మీద. అది దారిలో ఆగిపోతే, పట్టుచీర కట్టుకున్న రాహేలమ్మ మైలురాయి మీద కూర్చుంది, పెళ్ళిచొక్కా వేసుకున్న యేసుప్రసాద్ జీపు కింద దూరాడు. కూతురు జీవితను కనడానికి ఆస్పత్రికి పోయింది సిమెంటు లారీలో. ఆ పిల్ల పెళ్ళయి కడపకు పోతే, సారె సామాను దిగబెట్టింది పాలవ్యానులో. బండి ఎక్కినప్పుడల్లా ఇది ఎవరిదని ఆమె అడగదు. బ్రేకులు పడతాయా అని మాత్రం అడుగుతుంది.

తింటూ తింటూ ఆయన ఎడమ భుజం రుద్దుకోవడం ఆమె చూసింది. వారం నుంచీ చూస్తోంది. డాక్టరు దగ్గరికి పోదామంటే, ఇంజన్లెత్తే గొలుసు లాగీ లాగీ పట్టేసిందనీ, దసరా పోనిమ్మనీ అన్నాడు. ఈ మనిషితో వాదించి గెలిచినవాళ్ళు లేరు గనక ఆమె ఇంకో రొట్టె వడ్డించి ఊరుకుంది.

చేయి కడుక్కొని, ఈసారి యేసుప్రసాద్ కిందికి దూరలేదు. బానెట్ ముందు నిలబడి, బసవన్నను సెల్ఫు కొట్టమన్నాడు. వంగి వినేటప్పుడు చేయి ఎక్కడో ఒకచోట ఆనాలి కదా, ఎక్సలేటరు కేబులు మీద ఆనింది. బసవన్న తాళం తిప్పాడు. ఇంజను మూలిగింది. యేసుప్రసాద్ కాలిన పెనం ముట్టుకున్నట్టు చేయి వెనక్కి లాక్కున్నాడు. కేబులు సెగలు కక్కుతోంది. రబ్బరు కమురు వాసన.

ఆయన వేళ్ళు ఊదుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. మతి పోయిందేమోనని బసవన్న దిగివచ్చాడు.

సంగతి ఇది. బ్యాటరీలోంచి కరెంటు సెల్ఫుకు పోతే చాలదు, తిరిగి వచ్చే దారి కూడా ఉండాలి. ఇంజనుకూ బండి చట్రానికీ మధ్య బిగించే ఎర్తు పట్టీయే ఆ దారి. అది సరిగ్గా అంటుకోకపోతే కరెంటు ఏ సన్న తీగ దొరికితే దాంట్లో దూరుతుంది. ఇక్కడ పాపం ఎక్సలేటరు కేబులు దొరికింది. సరే, పట్టీ బిగించే ఉంది కదా, ఎందుకు అంటుకోలేదు? ఇంజను దింపిన వారంలో బసవన్న ఊరుకోక, ఆయుధపూజకు బండి కళగా ఉండాలని, చట్రమంతా రుద్ది తానే వెండిరంగు వేశాడు. పండగకు ఇంటి గడపకు వేసినంత శ్రద్ధగా, బోల్టు కంతల లోపలిదాకా వేశాడు. ఆ రంగు మీదనే పట్టీ బిగించి ఉంది.

"రంగు గీకి బిగియ్యల్లని నాకు తెలుసు" అన్నాడు యేసుప్రసాద్. "నువ్వు అంత ముద్దుగా ఏసుకుంటివి. గీకడానికి చేయి రాలేదప్పా. అట్లే బిగిచ్చినా. తప్పు నాదే."

కాదు, రంగు వేసింది తాను కాబట్టి తప్పు తనదేనన్నాడు బసవన్న. పెద్దవాళ్ళిద్దరూ ఒక తప్పు కోసం కాసేపు కొట్లాడుకున్నారు. రాహేలమ్మ క్యారియరు కడుగుతూ, ఎవరిదైతే ఏం, ముందు గీకండి అంది.

గరుకు కాగితంతో నిగనిగలాడే ఇనుము తేలేదాకా రుద్ది, పట్టీ బిగించి, తాళం తిప్పితే, ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. షెడ్డు రేకులు గడగడలాడాయి. ఆ తర్వాత చప్పుడు సర్దుకొని, మెత్తగా, ఒకే తీరుగా సాగింది. బసవన్న కళ్ళు తుడుచుకుంటూ పొగ పడిందన్నాడు. పొగ రానే లేదు.

వెంటనే బావమరిదికి ఫోను చేయబోతే యేసుప్రసాద్ ఆపాడు. ఉన్నచోట తిరిగే ఇంజను తిరగలి లాంటిదనీ, బరువుతో మిట్ట ఎక్కితేనే అది బండి అవుతుందనీ చెప్పాడు. వద్దన్నా వినకుండా తానే గొలుసు లాగి పగిలిన పాత ఇంజనును వెనక ఎక్కించాడు, దాని పక్కన ఇసుక మూటలు పేర్పించాడు. "ఓర్వకల్లు మిట్ట ఎక్కినాక నేనే ఫోన్ చేస్తా. నా ఫోన్ వచ్చినాకనే మీ బావమర్దికి చెప్పు" అన్నాడు. బసవన్న ఫోను చేతిలో పట్టుకొని షెడ్డు ముందు నిలబడిపోయాడు. రాహేలమ్మ చెప్పులు విడిచి, పైట దోపుకొని, ఎడమవైపు సీటెక్కింది. బ్రేకులు పడతాయా అంది. పడతాయన్నాడు.

రాళ్ళగుట్టల మధ్య రోడ్డు పొడుగ్గా సాగింది. సాయంత్రపు ఎండకు బండలు గోధుమరంగు తిరిగాయి. యేసుప్రసాద్ తల కాస్త పక్కకు వంచి, కాళ్ళతో, అరచేతులతో, పిర్రలతో కూడా బండిని వింటున్నాడు. మిట్ట మొదలైంది. ఎదర ఇటుకల ట్రాక్టరు ఈడుస్తూ పోతోంది. దాన్ని దాటించాడు. మూడో గేరులోనే, ఎక్కడా తడబడకుండా, నల్లటి పొగ అన్నది లేకుండా పికప్పు పైకెక్కింది. ఇంజను వేడి చూపించే ముల్లు ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"ఎక్కింది మే" అన్నాడు. ముప్పై ఏండ్లకు పైగా ఈ మాట వింటూనే ఉన్నా, ఆ గొంతులోని సంబరానికి రాహేలమ్మకు ప్రతిసారీ నవ్వే వస్తుంది.

పైన గుట్ట నీడలో, నల్లమల నుంచి దిగిన సీతాఫలాలు గంపల్లో పెట్టుకొని మద్దమ్మ అనే ముసలామె కూర్చొని ఉంది. యేసుప్రసాద్ బండిని రోడ్డు దించి చక్కగా పక్కకు పెట్టాడు. గేరు తీసి, హ్యాండు బ్రేకు వేశాడు. ఇంజను మాత్రం ఆపలేదు. వేడి మీద ఎట్లా నడుస్తుందో కాసేపు చూసి బసవన్నకు ఫోను చేద్దామన్నాడు. మద్దమ్మ మాగిన కాయలు ఏరి కిటికీలోంచి అందించింది. ఆయన ఒక కాయను రెండు చెక్కలు చేసి, పెద్ద చెక్క భార్యకిచ్చి, చిన్నది తాను బొటనవేలితో తోడుకొని తిన్నాడు. సగం తిని, దాన్ని డాష్‌బోర్డు మీది గుంటలో పెట్టి, వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

ఇంజను వింటున్నాడనుకుంది రాహేలమ్మ. అలాంటప్పుడు పలకడని ఆమెకు తెలుసు. అందుకే బదులు కోసం చూడకుండా తన మాటలు తాను చెప్పుకుంటూ పోయింది. జీవిత క్రిస్మస్‌కు వస్తానందనీ, దానికి సీతాఫలం ఇష్టమనీ, అప్పటికి కాయలు అయిపోతాయనీ. గింజలు కిటికీలోంచి ఉమ్మి, ఇంకో కాయ చెక్క చేసి, "ఇంద, తిను" అని ఆయన చేతిలో పెట్టింది. అది చేతిలో నిలవలేదు. ఒళ్ళోకి జారింది.

మద్దమ్మ కేక విని ఆటోవాళ్ళు ఆగారు. ఎవరో నూటెనిమిదికి చేశారు. ఆ బండి వచ్చింది, అందులోని అబ్బాయి నాడి పట్టుకొని, గుండెల మీద యంత్రం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. చనిపోయినవాళ్ళను వాళ్ళు ఎక్కించుకోరు. ఆ మాట పాపం మెల్లగానే చెప్పి వెళ్ళిపోయాడు.

రాహేలమ్మ భర్త జేబులోంచి ఫోను తీసింది. బసవన్న ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఎక్కిందాన్నా?"

"ఎక్కింది బసవన్నా" అంది రాహేలమ్మ. "బండి బాగుండాది. మీ అన్న లేడు."

బసవన్న షేర్ ఆటోలో వచ్చేసరికి చీకటి పడబోతోంది. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. ఆపడం ఆమెకు తెలియదు, ఆపమని ఎవరికీ చెప్పనూ లేదు. అతను యేసుప్రసాద్ పాదాలు పట్టుకొని ఏడ్చాడు. తాళం దాకా చేయి పోనిచ్చి, వెనక్కి తీసుకున్నాడు. ఇసుక మూటలు దింపేసి వెనక పడుకోబెడదామని ఆటోవాళ్ళు అన్నారు.

"వద్దు" అంది రాహేలమ్మ. "ఈడనే, నా పక్కనే కూచోబెట్టండి. ఇల్లు చేరితేనే ట్రయల్ అయినట్టు."

ముగ్గురూ ముందు సీట్లోనే కూర్చున్నారు. మధ్యలో ఆయన, ఆయన తల ఆమె భుజం మీద. బసవన్న మిట్ట దిగాడు. దారిలో అతని ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తి, "రాను బావా, నాకు బండి ఉండాది" అని ఒక్కమాట చెప్పి పెట్టేశాడు. బరువుగా, నింపాదిగా, కల్లూరు సందుల్లోకి తిప్పి, యేసుప్రసాద్ ఇంటి ముందు ఆపాడు.

సందంతా పోగయింది. పాస్టరుగారు ఆయన చేయి అందుకోబోయి, అలవాటు కొద్దీ మణికట్టు పట్టుకున్నాడు. నలుగురూ కలిసి జాగ్రత్తగా దింపి లోపలికి మోసుకుపోయారు. రాహేలమ్మ వెనకే పోయింది, బసవన్న కూడా పోయాడు. బండి తలుపులు తెరిచే ఉన్నాయి, ఇంజను తిరుగుతూనే ఉంది. డాష్‌బోర్డు మీది గుంటలో, అంచున నల్లటి బొటనవేలి ముద్ర పడిన సగం సీతాఫలం చెక్క, కాస్తంత కూడా అదరకుండా ఉంది.