తోడేలు ఖాతాలో నక్షత్రాలు

ఆ ఉడుతంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. గిన్నెలు సర్దితే గెంతుతుంది, నేల తుడిస్తే గెంతుతుంది, గెంతినప్పుడల్లా ఒక నక్షత్రం రాలుస్తుంది. నా కూతురు మాలిన్ తన వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి ట్యాబ్ ఒకటి తగిలించి అందులో పెట్టిన యాప్ అది. పిల్లలిద్దరికీ చెరొక బొమ్మ ఇచ్చింది. పెద్దవాడు మెల్కెర్‌కి తోడేలు, చిన్నది తూవాకి కుందేలు. పని ముగించి తమ బొమ్మ కింద ఆ పని పేరు నొక్కితే చాలు, ఉడుత గంతేసి ఆ కబురు మాలిన్ ఫోనుకి చేరవేస్తుంది. నేను కాగితం మిల్లు క్యాంటీన్లో బతుకంతా గిన్నెలు తోమాను. ఏ ఉడుతా వచ్చి నా ముందు గెంతలేదు.

"సొంతింట్లో పని చెయ్యడానికి పిల్లలకి లంచమేంటే?" అని అప్పట్లో అడిగాను.

"లంచం కాదమ్మా, ప్రోత్సాహం."

"నీకు ప్రోత్సాహం నా గొంతేనే. ఒక్క కేక వేస్తే చచ్చినట్టు లేచి చేసేదానివి."

"మెల్కెర్‌ని కేకలేస్తే లేస్తాడా అమ్మా?"



మెల్కెర్‌కి పదిహేనేళ్ళు. ఏడాదిన్నర కిందట ఒక సోమవారం కడుపునొప్పి, బడికి వెళ్ళనన్నాడు. ఆ తరవాత గది దాటనన్నాడు. అంతే. ఎవరైనా కొట్టారా, ఏమైనా అన్నారా అని బడివాళ్ళు అడిగారు, డాక్టర్లు అడిగారు, మేమూ అడిగాం. జవాబు రాలేదు. అందరూ పడుకున్నాక లేచి తింటాడు, పొద్దున పళ్ళెం గుమ్మం ముందుంటుంది. తండ్రి దక్షిణాన ఇంకో సంసారం పెట్టుకుని అక్కణ్ణించి ఫోన్లో సలహాలిస్తుంటాడు. వాడి సలహాలు తగలెయ్య.

మాలిన్ ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానాలు చేయించి, మందులిచ్చే ఉద్యోగం చేస్తుంది. కొడుకు గది పట్టాక ఇది మంచం పట్టింది. ఆ మొదటి చలికాలమంతా తల దువ్వుకోలేదు, నవ్వలేదు. చిన్నపిల్ల తూవా రొట్టెకి వెన్న రాసి తల్లి పక్కన పెట్టి వెళ్ళేది. సాయంత్రం ఆ రొట్టె అక్కడే ఎండిపోయి ఉండేది. నా కూతురు నాకు దక్కదేమోనని భయపడ్డాను.

బడి మానేసిన పిల్లల్ని చూసే సలహాదారు ఒకావిడ చెప్పిందట ఈ యాప్ సంగతి. మనుషులకు పలకనివాడు బొమ్మకు పలుకుతాడేమో, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు బయటికొస్తాడేమో అని. మాలిన్ కాస్త లేచి సగం రోజు పనికి వెళ్ళడం మొదలుపెట్టిన వారంలోనే నాకు ఫోన్ చేసింది.

"అమ్మా, తోడేలుకి నక్షత్రం వచ్చింది! గిన్నెలు కడిగే మిషన్ ఖాళీ చేశాడమ్మా!"

దాని గొంతు విని నాకూ ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు. అప్పటికి నాకు తుంటి ఎముక ఆపరేషనై, వాళ్ళ ఎదురు భవనంలో నా ఇంట్లో పడి ఉన్నాను. ఈ చలికాలమంతా కబుర్లన్నీ ఫోన్లోనే. ఇవాళ నేల తుడిచాడమ్మా, ఇవాళ బట్టలు మడతపెట్టాడమ్మా. మాలిన్ పూర్తి రోజు పనికి వెళ్ళింది. జుట్టు కత్తిరించుకుంది. "చెత్త ఒక్కటే ముట్టుకోవట్లేదు, అదీ చేస్తాడు చూడు," అంది ఒకసారి. "చెత్తదేముందే, నువ్వే పారెయ్," అన్నాను. నా బుద్ధి అంతవరకే పోయింది.

కుందేలుకి మాత్రం నక్షత్రాలు లేవు. ఆదివారం నా ఇంటికి కాఫీకి వచ్చినప్పుడు నా ముందే మాలిన్ ఆ పిల్లని కడిగిపారేసింది. "గది దాటలేనివాడే అంత చేస్తుంటే, దున్నపోతులా తిరిగే నీకేమొచ్చిందే? అన్నయ్యని చూసి సిగ్గు తెచ్చుకో." తూవా బిస్కెట్టు వైపు చూస్తూ కూర్చుంది. నేనూ రెండు మాటలంటించాను.

మార్చిలో కర్ర పట్టుకుని నడవచ్చన్నారు. యాలకుల బన్నులు చేసి, మధ్యాహ్నం పూట వాళ్ళింటికి వెళ్ళి నా తాళంతో తలుపు తీశాను. వంటింట్లో తూవా పీట మీద నిలబడి పళ్ళేలు పై అరలో పెడుతోంది. స్కూలు బ్యాగు ఇంకా వీపునే ఉంది. ఆహా, మొత్తానికి దీనికీ బుద్ధొచ్చిందనుకున్నాను. పీట దిగింది, చేతులు లాగుకి తుడుచుకుంది, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి తోడేలు బొమ్మ కింద నొక్కింది.

ఉడుత గెంతింది.

"ఏయ్, ఏం చేస్తున్నావే?"

పిల్ల మొహం పాలిపోయింది. "అమ్మమ్మా, అమ్మకి చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటా, చెప్పకు."

"ఎప్పట్నుంచే ఈ నాటకం?"

"మొదట్నుంచీ. మొదటిసారి పొరపాటున నొక్కానమ్మమ్మా, ఒట్టు. అమ్మ పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. నవ్వుతూ వచ్చింది. నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది." ముక్కు ఎగబీల్చింది. "అందుకని మళ్ళీ నొక్కాను."

"మరి తిట్లన్నీ నువ్వు తింటున్నావేంటే పిచ్చిదానా?"

"రెండు బొమ్మల పనీ చెయ్యాలంటే టైం చాలట్లేదు," అంది.

 కోపంగా వెళ్ళి మెల్కెర్ గది తలుపు మీద కర్రతో కొట్టాను.

"ఒరేయ్, అమ్మమ్మని. నీ పేరు మీద చెల్లెలు చాకిరీ చేస్తోంది. నీకు తెలుసా?"

మళ్ళీ కొట్టాను. తలుపవతల్నుంచి ఒక గొంతు వచ్చింది. నాకు తెలిసిన పిల్లాడి గొంతు కాదది. మగాడి గొంతు. ఎప్పుడు మారిందో మాలో ఎవరికీ తెలియదు.

"తెలుసు. ఉడుత చప్పుడు వినిపిస్తుందిగా."

"మరి వచ్చి ఒక్క గ్లాసు కడగొచ్చుగా!"

"రాలేను అమ్మమ్మా."

"అయితే మీ అమ్మకి చెప్పేస్తాను."

"వద్దు. పొద్దున కాఫీ పెట్టుకుంటూ అమ్మ పాడుతోంది. మళ్ళీ పాడుతోంది."

చెప్పలేదు నేను. ఇవాళ కాదు రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే శనివారం వచ్చిపడింది. తోడేలుకి నక్షత్రాలు నిండాయి. అవి నిండితే ఇస్తానని మాలిన్ పెట్టిన బహుమతి, సరస్సు మంచు మీద చేపలవేట. వాడికి తాతయ్య నేర్పిన ఆట అది. మంచు కరిగేలోగా వెళ్ళాలని దాని హడావుడి. మంచుకి కన్నం పెట్టే మా ఆయన బర్మా తుడిచి పెట్టింది, సాసేజీలు కొంది, కూర్చోడానికి రెయిన్‌డీర్ తోలు చుట్టి గుమ్మంలో పెట్టింది. తూవా మందపాటి లాగు తొడుక్కుని నడవలో చెమటలు కక్కుతోంది. మాలిన్ వెళ్ళి తలుపు తట్టింది.

"మెల్కెర్, నాన్నా, నీ బహుమతిరా. నువ్వు కష్టపడి సంపాదించుకున్నదే."

తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ తట్టింది. బతిమాలింది. నేల మీద కూర్చుని చాలాసేపు బతిమాలింది. వంటింట్లోకి తిరిగొచ్చినప్పుడు ఇక ఇది మళ్ళీ మంచమెక్కుతుంది అనుకుని కుర్చీ లాగాను. కానీ దాని మొహం వెలిగిపోతోంది.

"నాకిప్పుడు అర్థమైందమ్మా. వాడికి బహుమతి అక్కర్లేదు. చేపల కోసం కాదు, నక్షత్రాల కోసం కాదు. నాకోసం చేస్తున్నాడమ్మా వాడు." తూవా వైపు తిరిగింది. "చూశావా? ప్రేమంటే అదీ. ఏమీ ఆశించకుండా చెయ్యడం."

"ఊఁ," అంది తూవా, తన బూట్ల వైపు చూసుకుంటూ.

నిజం నా నోటిదాకా వచ్చింది. చెబితే పిల్ల బరువు దిగుతుంది, తల్లి కూలిపోతుంది. మింగేశాను.

సోమవారం తూవా బడినుంచి వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. "పో, మంచు మీద జారే బండి తీసుకుని గుట్ట మీద ఆడుకో. ఇవాళ్టికి తోడేలుని నేనే," అన్నాను. పిల్ల నా మొహంలోకి చూసి, నిజమేనని నమ్మి, పరిగెత్తింది. నేను గిన్నెలు సర్దాను. నేల తుడిచాను. శనివారం ఎవరూ తినని సాసేజీలు కంపుకొడుతుంటే ఆ సంచీ కట్టి, కర్ర పోటేసుకుంటూ మెట్లు దిగి, వాకిట్లో చెత్తగదిలో పడేసి వచ్చాను. ఆయాసం తీరాక ఫ్రిజ్ దగ్గర నిలబడి తోడేలు కింద ఉన్న పనులన్నీ వరసగా నొక్కాను. చివరిదానికి ఉడుత ఎన్నడూ లేనంత ఎత్తు గెంతి బూర ఊదింది.

కోటు వేసుకోడానికి నడవలోకి వచ్చానో లేదో ఫోను మోగింది.

"అమ్మా! చెత్త! చెత్త నొక్కాడమ్మా!" మాలిన్ ఏడుస్తోంది. "కిందికి దిగాడు! బయటికొచ్చాడమ్మా వాడు!"

నేనేం చేశానో అప్పుడు తెలిసింది. 

"నీ కిటికీలోంచి చెత్తగది కనిపిస్తుందిగా. చూశావా? అమ్మా, చెప్పు, వాణ్ణి చూశావా?"

నా ఎదురుగా కొక్కేనికి మెల్కెర్ నీలం కోటు వేలాడుతోంది. ఏడాదిన్నరగా కదలని కోటు, భుజాల మీద దుమ్ము.

"చూశానే," అన్నాను.

"ఎలా ఉన్నాడు? కోటు వేసుకున్నాడా? చలి కదా."

"వేసుకున్నాడు. ఆ నీలం కోటే."

"ఇంకా పడుతోందా వాడికి?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు.

"ఎక్కడే? పొట్టిదైపోయింది. మణికట్లు బయటికొచ్చేశాయి."

"అయ్యో నా తండ్రే," అని ఏడుస్తూనే నవ్వింది. "వచ్చేటప్పుడు కొత్తది కొనుక్కొస్తాను. రేపు మళ్ళీ దిగుతాడుగా. ఏ సైజు తెమ్మంటావ్?"

వాడి గది తలుపు కింద సన్నటి వెలుగులో రెండు పాదాల నీడ కనిపించింది. తలుపుకి ఆనుకుని వింటున్నాడు.

"పెద్దదే తీసుకో," అన్నాను. "మగాళ్ళ సైజు."