మస్కట్‌కి మూడు గంటల ఇరవై నిమిషాలు

"అది నీ గ్లాసు కాదక్కా, వదులు" అంటున్నాను నేను.

"నీళ్ళు తాగడానికి ఏదైతేనేంటే హైమా" అంటూ ఇందుమతక్క నా చేతిలోని స్టీలు గ్లాసు లాక్కుంటోంది, నేను వదలకుండా వెనక్కి లాగుతున్నాను, పోయి పది నెలలైన మనిషితో గ్లాసు కోసం పోట్లాట ఏమిటన్న ఆలోచనే రావడం లేదు. ఇది మా వంటిల్లే, కానీ వంటగట్టు ఎయిర్‌పోర్టులో సామాన్ల బెల్టులా మెల్లగా కదులుతోంది, దాని మీద నా గిన్నెలన్నీ వరసగా వెళ్ళిపోతున్నాయి, పొయ్యి ఉండాల్సిన చోట ఒక నల్ల బోర్డు మీద మస్కట్ అన్న పేరు వెలిగి ఆరుతోంది.

"రమ్మని ఎన్నిసార్లు పిలిచానే."

"అంత దూరం, దేశం కాని దేశం..."

"హైదరాబాదు నుంచి మూడు గంటల ఇరవై నిమిషాలు. విజయవాడలో మీ అత్తగారింటికి బస్సులో అయిదు గంటలు కూర్చుంటావు. పదింటికి ఎక్కితే మా టైముకి పన్నెండు కాకుండానే దిగుతావు. గడియారం కూడా నీకు గంటన్నర మాఫీ చేస్తుంది."

అక్క నవ్వుతుంది. నవ్వితే పెదవుల లోపలి పుళ్ళు, వాటి మీద పచ్చటి చీము కనిపించి వెగటుగా మొహం పక్కకి తిప్పుకుంటాను, అలా తిప్పుకున్నందుకు నా మీద నాకు అంతకంటే పెద్ద వెగటు పుడుతుంది.

"దూరం కాదులే. వైద్యానికి ఇక్కడికొచ్చినప్పుడు నా గ్లాసు అడుగున గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టావు, మిగతావాటిలో కలవకుండా. కేన్సర్ అంటుకోదని తెలీదూ? బీయస్సీ చదివావు."

"తెలుసు."

"తెలిసే?"

"తెలిసే."

అక్క కోప్పడదు, కోప్పడితే బాగుండునని నాకు ఉంటుంది. బెల్టు మీద ఒక పెట్టె వస్తోంది, దాని మీద అక్క కూతురు ప్రణతి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది, నేను చెయ్యి చాచేలోపే దాటిపోతుంది.

"మొన్న అది పెద్దమనిషైంది. మీ బావ ఫోను చేసి, పిన్నివి నువ్వొచ్చి దగ్గర కూర్చుంటే బాగుంటుందన్నారు. ఏమన్నావు?"

"దూరం అన్నాను."

"పక్కింటి మలయాళీ ఆవిడ స్నానం చేయించింది. పాపం, మంచిది" అంటుంది అక్క, గ్లాసు నా చేతిలోనే వదిలేసి బెల్టు వెంట నడుస్తూ.

"హైమా, ఒంటిగంటన్నరైంది, అన్నాలు పెట్టవా" అని మావారు భుజం తట్టారు. ఆదివారం పేపరు చదువుతూ సోఫాలోనే నిద్రపోయాను.

గ్లాసులన్నీ సింకులో ఉన్నాయని, అలమారలో వెనక దొరికిన దాంట్లో ఆయన నీళ్ళు పోసుకున్నారు. పప్పన్నం మధ్యలో గ్లాసు ఎత్తి తాగుతుంటే అడుగున ఎర్ర చుక్క కనిపించింది.

"అదిటివ్వండి."

"నేను కరుచుకు తాగాను, ఎంగిలి."

"పర్వాలేదు" అని తీసుకున్నాను. మా అబ్బాయి తినడం ఆపి చూశాడు. "నేను ప్రణతి దగ్గరికి వెళ్తున్నాను. ఈ వారమే. పదిహేను రోజులుంటాను."

"మస్కటా? ఒక్కదానివే, అంత దూరం..."

"దూరం కాదు" అన్నాను, అని మిగిలిన నీళ్ళు అంచుకి పెదవులు ఆనించి తాగాను.