తాటిచెట్టు కింద పాలు

చంద్రరావు మందు మానేసి యాభై రోజులైంది. ఊరంతా నమ్మింది, అతని పొట్ట తప్ప. సాయంత్రం ఏడయ్యేసరికి అది తవుడు బస్తాలా బిగిసిపోయేది. ఇక గుడగుడలూ త్రేన్పులూ మొదలు. ఇరవై రెండేళ్ళు నానా చెత్తా పోస్తే కిక్కురుమనని పొట్ట, మనిషి బుద్ధిమంతుడయ్యాక ఎదురు తిరగడమేంటో అతనికి బోధపడలేదు.

పాత మందు జోడీ జీవరాజు మాత్రం తేల్చేశాడు. "అలవాటైందాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు ఊరుకుంటుందేంటండి చంద్రరావుగారూ? మొన్నే యానాం నుంచి సీసా తెచ్చాను. రెండు చుక్కలు పడ్డాయంటే మీ గ్యాసు గోదాట్లో కలిసిపోద్ది."

ఆ మాట చెవిలో జోరీగలా తిరిగేది. పొట్ట మరీ బిగిసినప్పుడు నిజమేనేమో అనిపించేది. అనిపించగానే భయమేసేది. భయం మందంటే కాదు, సాయంత్రం ఆరింటి వేళ చేజారిపోతుందని.

ఆరింటికి అతని భార్య రత్నమాణిక్యం చిక్కటి గేదెపాలు పంచదార వేసి, పెద్ద గ్లాసు నిండా తెచ్చి చేతిలో పెట్టేది. తాగేదాకా అరుగు మీద పక్కనే కూర్చునేది. పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడికి మొక్కుకుంటే మొగుడు మానేశాడు. పేరులోనే పాలున్న దేవుడు కరుణించాక, ఆ మనిషికి పాలు కాక మరేం ఇస్తుంది? వెనకటి రోజుల్లో ఆ వేళకి ఆవిడ అతనికి ఆమడ దూరం. కంచం మీద మూతపెట్టి తలుపేసుకునేది. ఇప్పుడు భుజం తగిలేంత దగ్గరగా కూర్చుని, నాట్లు ఎంతవరకొచ్చాయని అడుగుతోంది. ఆ పావుగంట కోసమే చంద్రరావు మిగతా రోజంతా వెళ్ళదీస్తున్నాడు. జీవితంలో ఏ గ్లాసునీ అంత నెమ్మదిగా తాగి ఎరగడు.

పాలకొల్లులో డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు, పరీక్షలు చేయించారు. భయపడాల్సిందేం లేదన్నారు. "కొత్తగా తినేదిగాని, తాగేదిగాని ఏమైనా మొదలెట్టారా?" అని అడిగారు.

"మొదలెట్టడం ఎక్కడిదండి! మానేశానంతే," అన్నాడు చంద్రరావు. పాలు గుర్తుకే రాలేదు మహానుభావుడికి.

ఆ తర్వాత రత్నమాణిక్యం చెల్లెలి కూతురి సీమంతానికి నరసాపురం వెళ్ళి మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ చంద్రరావుకి మనసు బాగోలేదు, పొట్ట మాత్రం బ్రహ్మాండంగా ఉంది. తిన్నది అదే అన్నం, అదే పప్పు. ఆరింటికి ఖాళీ అరుగు చూస్తూ కూర్చునేవాడు. నాలుగో రోజు ఆవిడ వచ్చింది, పాలూ వచ్చాయి, ఏడింటికి పొట్ట మళ్ళీ బస్తా అయింది. అప్పుడు వెలిగింది.

నాకు పాలు పడటం లేదని చెబితే సరిపోయేది. కానీ చెబితే గ్లాసు పోతుంది, గ్లాసుతో వచ్చే మనిషీ పోతుంది. అందుకని ఓ గుక్క తాగినట్టు నటించి, ఆవిడ కాసేపు కూర్చున్నాక, "గేదెకి గడ్డేసొస్తాను," అంటూ గ్లాసుతో సహా దొడ్లోకి వెళ్ళి తాటిచెట్టు మొదట్లో పారబోయడం మొదలెట్టాడు. ఒకప్పుడు సీసాలు దాచింది కూడా ఆ చెట్టు వెనకే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. ఇతగాడు తాగను కూడా లేదు.

మూడో రోజు వెనక నుంచి, "ఏమండీ!" అని వినపడింది. రత్నమాణిక్యం మొహం అతను తాగొచ్చే రోజులనాటి మొహంలా ఉంది. దగ్గరికొచ్చి నిలబడి, "ఊదండి," అంది.

ఊదాడు. ఏ వాసనా లేదు. ఆవిడ చూపు కిందికి దిగింది. చెట్టు మొదట్లో తెల్లటి తడి, దాని చుట్టూ చీమలు.

"నేనిచ్చిన పాలు పారబోస్తున్నారా?"

"నాకు పడటం లేదు మాణిక్యం. నువ్వు నరసాపురంలో ఉన్నప్పుడు తెలిసింది. గ్యాసంతా వీటివల్లే."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"చెబితే పక్కన కూర్చోవుగా."

ఆవిడ కాలితో మట్టి తోసి ఆ తడి కప్పేసింది. "నేను కూర్చుంది మీ నోటి వాసన చూడ్డానికండీ," అంది.

ఇన్నాళ్ళూ పడ్డ కడుపునొప్పి దీని ముందు ఎందుకూ పనికిరాదనిపించింది చంద్రరావుకి. "రోజూనా?" అన్నాడు.

"మొదటి పది రోజులూ."

"ఆ తర్వాత?"

ఆవిడ గ్లాసు లాక్కుని, "రేపట్నుంచి మీ వంతు ఆ రామలింగేశ్వరుడికే పోయిస్తాను. ఆయనకైతే గ్యాసు రాదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆరింటికి చంద్రరావు అరుగు మీద కూర్చున్నాడు. పొట్ట తేలిగ్గానే ఉంది. పక్కనున్న ఖాళీయే మోయలేకపోతున్నాడు. ఆరూ పది అయింది. జీవరాజు బండి ఆపి, "ఏంటండి, అలా ఉన్నారు? వస్తారా?" అన్నాడు. చంద్రరావు వద్దనలేదు. చెప్పులకోసం చూశాడు, ఒకటి తొడుక్కున్నాడు కూడా.

వెనక తలుపు చప్పుడైంది.

"కాస్త జరగండి," అంది రత్నమాణిక్యం.

ఆవిడ చేతిలో గ్లాసు లేదు.