ఎండ లేనిదే ఆకు తినదు

టమాటా ఆకు వాసన. పచ్చిగా, కాస్త చేదుగా... చేతులు ఎన్నిసార్లు కడిగినా పోదు.

పొద్దున ఏడు గంటలు. గాజుషెడ్డు గోడల మీంచి చెమ్మ కారుతోంది. వరుస వెనక వరుస — నా తల దాటిపోయిన టమాటా తీగలు.

మొక్కలకి గాలి మేపడం నా పని. నవ్వొస్తే నవ్వండి, నా తమ్ముడూ నవ్వేవాడు. బొగ్గుపులుసు గాలి. మనం వదిలేసేది, అవి తినేది. బయట ట్యాంకు, లోపల గొట్టాలు, మధ్యలో ఒక వాల్వు. పదమూడేళ్లుగా ఆ వాల్వు నా చేతిలోనే ఉంది.

ఇవాళ ఆ పని మరదలికి నేర్పాలి. తమ్ముడి భార్య. తమ్ముడు పోయి నాలుగు నెలలైంది. షెడ్డులో అతని ఉద్యోగమే ఆమెకి ఇచ్చారు.

తమ్ముడు ఈ షెడ్డులోనే పోయాడు. ఆ మూల పంపు గోతిలో. ఆకులు అడ్డుపడ్డాయని తీయడానికి దిగాడు — మళ్లీ ఎక్కలేదు. ఈ గాలికి రంగు లేదు, వాసన లేదు. మామూలు గాలికన్నా బరువు. గొయ్యి దొరికితే అందులో దిగి కూర్చుంటుంది.

గోతిలోకి దిగేముందు వాల్వు మనిషిని అడగాలి. అది రూలు. తమ్ముడు అడగలేదు. అతని నిర్లక్ష్యమేనని ఆఫీసువాళ్లు రాసేశారు.

నేను నోరు విప్పలేదు.

మరదలు నమ్మింది. నమ్మి, కూతురికి రోజూ అదే పాఠం. నాన్నలా తొందరపడకు. నాన్నలా అడక్కుండా ఏ పనీ చేయకు. తొమ్మిదేళ్ల పిల్ల తలూపుతుంది. పక్క గదిలో నేను వింటూ ఉంటాను. నాకు అన్నం సహించదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే... నేను రోజంతా ఆకులే పట్టుకుంటాను. మంట మాత్రం తగ్గదు.

మరదలికి ఆకు తిప్పి చూపించాను. అడుగున కంటికి ఆనని నోళ్లు బోలెడున్నాయన్నాను. ఆ నోళ్లలోంచి గాలి లోపలికి పోతుంది. వేరు నీళ్లు పంపుతుంది. ఎండ ఆ నీటిని విడగొడుతుంది. ఆ బలంతో ఆకు — గాలిలో దాగిన బొగ్గుని ఒడిసిపట్టి చక్కెర కడుతుంది. ఆ చక్కెరే కాండం. ఆ చక్కెరే కాయ.

ఎండ లేకపోతేనో, అని అడిగింది.

ఎండ లేనిదే ఆకు తినదు.

పదమూడేళ్లు నోట్లో నానిన మాట... వచ్చేసింది. ఆపుకుందామన్నా ఆగలేదు. మబ్బు పడితే ఆకులు ముట్టుకోవు, వదిలిన గాలి వదిలినట్టే ఉండి నేలకి దిగుతుంది. అందుకే గడియారం చూసి వాల్వు తిప్పకూడదు, ఆకాశం చూసి తిప్పాలి. అంతా నేనే చెప్పాను.

ఆమె చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

ఆయన పోయిన రోజు తెల్లారినప్పటి నుంచే ముసురు కదా, అంది మెల్లగా. ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చాను. ఆయన గొడుగు వేసుకుని వెళ్లారు.

ఆ రోజు నేను గడియారం చూశాను. ఏడైంది — చెయ్యి అలవాటు కొద్దీ తిప్పేసింది. వాన అని పై కిటికీలు కూడా మూసే ఉన్నాయి. మూడు గంటలసేపు... ఆకులు తినలేదు. గాలి మెల్లగా గోతిలో నిండింది.

"మబ్బు పడితే మా అన్న వాల్వు ముట్టుకోడు, అనేవారాయన," అంది. "అందుకేనా ఆయన అడక్కుండా దిగింది?"

నేను వాల్వు వైపు చూశాను.

"ఆ రోజు వదిలారా బావగారూ?"

"వదిలానమ్మా."

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గాజు మీద ఎండ పడింది. షెడ్డంతా వెచ్చబడింది. ఆమె ఒకసారి తలెత్తి ఆకాశం చూసింది, వాల్వు దగ్గరికి వెళ్లింది. నేను చెప్పినంతే తిప్పింది. గొట్టాల్లో సన్నగా బుస మొదలైంది.

"పాపకి నేను చెప్పలేను," అంది, నా వైపు చూడకుండా. "మీరే చెప్పండి."

పాపని బడి నుంచి నాలుగింటికి వదులుతారు.

ఇప్పుడు ఎనిమిది కావస్తోంది...