చోటు మారే శబ్దం

లాండ్రీ వ్యాను వస్తోందని తెలుసుకోవడానికి ఆసుపత్రి వెనక గేటు కాపలావాడు రోడ్డు వైపు చూడటం మానేసి చాలాకాలమైంది. వీధి మలుపులోనే ఠంగుమని వినబడేది. వాడు గేటు గడియ తీస్తూ, "వచ్చిందండీ గంటల బండి" అనేవాడు. బెంచీల మీద కూర్చున్న రోగుల బంధువులందరూ తలలు తిప్పేవాళ్లు. స్టీరింగు ముందు కొడుకు తల ఇంకాస్త వంగేది. పక్క సీట్లో తల్లి ఒళ్లో ఉన్న చేతిసంచిని గట్టిగా పట్టుకుని, ఎదురుగా ఉన్న గోడ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు దాన్నే చూస్తూ కూర్చునేది.

ఆ సీట్లో కూర్చోవాల్సిన అవసరం నిజానికి ఆమెకు లేదు. ఆమె పని ఇంటి వెనక గదిలో. ఉతికి ఆరేసిన దుప్పట్లు మడతపెట్టి, లాడ్జీలవి వేరుగా, ఆసుపత్రివి వేరుగా మూటలు కట్టి, ఎవరి మూటకు వాళ్ల రంగు గుడ్డపేలిక ముడివేయాలి. ఆసుపత్రిది పసుపు పేలిక. కానీ కొడుకు ఒక్కడే బండి తీసుకెళ్తే ఆమెకు ఇంట్లో కాలు నిలవదు. తాను పక్కనుంటే ప్రమాదం జరగదని కాదు. జరిగితే తనకు తెలియకుండా మాత్రం జరగదని.

బండి పాతదే. మీటరులో అంకెలన్నీ అయిపోయి మళ్లీ సున్నా దగ్గర మొదలై కూడా చాలా ఏళ్లయింది. ఇంట్లో అందరూ దాన్ని 'ముసలిది' అనేవాళ్లు. క్లచ్ అరిగింది. వెనక బరువు మోసే కమాన్ కట్టలు సాగిపోయి, మూటలు నింపితే బండి చతికిలబడ్డట్టు కనబడేది. ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నవే కాబట్టి ఎవరికీ పట్టేవి కావు. వానాకాలం చివర్లో ఈ శబ్దం మొదలయ్యాకే బాగుచేయించాలా, అమ్మేసి వేరేది కొనాలా అని ఇంట్లో రోజూ వాదన. కోడలు బాగుచేయిద్దామనేది. ఇంజను గట్టిగా ఉన్నప్పుడు కొత్త బండి వాయిదాలు ఎందుకు నెత్తిన వేసుకోవాలని ఆమె లెక్క. కొడుకు ఎటూ తేల్చలేకపోయేవాడు. తల్లి మాత్రం అన్నం వడ్డిస్తూ కూడా అమ్మేయమనే మాట. ఆ చప్పుడు మామూలు చప్పుడు కాదు, ఏదో ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది, ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద చక్రం ఒకవైపు, మనం ఒకవైపు పోతాం.

"అత్తయ్యా, కనీసం పప్పు తినేదాకా అయినా మమ్మల్ని బతకనివ్వండి" అనేది కోడలు.

బండిని మొదటి నుంచీ చూసేది పెద్దరోడ్డు పక్క షెడ్డులో ఉండే మెకానిక్. అందరూ ఆయన్ని డాక్టరు అంటారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. కాసేపు విని రోగం చెప్పేస్తాడు. ఆ స్క్రూడ్రైవర్ వల్లే ఆయనకా పేరు. ఆయన చెప్పింది తప్పవడం ఆ రోడ్డులో ఎవరూ చూడలేదు. ముసలిదాన్ని చూసి, క్లచ్ ప్లేటు, కమాన్ కట్టలు మారిస్తే ఇంకా చాలా ఏళ్లు తిరుగుతుందన్నాడు. శబ్దం సంగతి మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. బండి నిలబెడితే శబ్దం ఉండదు. సైలెన్సరు బిగించాడు, కింద పడుకుని ఒక్కొక్క బోల్టూ తట్టిచూశాడు. కొడుకుని నడపమని చెప్పి, తాను వెనక మూటలు పెట్టే ఖాళీ అరల మధ్య వెల్లకిలా పడుకుని ఊరంతా తిరిగాడు. దిగొచ్చి చెమట తుడుచుకుంటూ, ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఇలా చోటు మారే శబ్దం నా జన్మలో వినలేదన్నాడు.

మూడోసారి కూడా ఇదే తంతు అయ్యాక తల్లికి భయం కోపంగా మారింది. షెడ్డులో వేరే బండ్లవాళ్లు టీ తాగుతూ నిలబడి ఉన్నారు. ఆమె వాళ్లందరూ వినేలాగే అంది.

"బండి ఒక్కటే ముసలిదైందనుకున్నా తమ్ముడూ. నీ చెవులకి కూడా వయసొచ్చినట్టుంది."

టీ తాగేవాళ్లు నవ్వారు. డాక్టరు కూడా నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. చేతిలోని స్క్రూడ్రైవర్‌ను గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టి మూత వేశాడు. "అయ్యుండొచ్చక్కా. నాకు తెలియని రోగంతో నా మాట మీద మీరు రోడ్డెక్కడం మంచిది కాదు. అమ్మేయండి" అన్నాడు.

ఆ మాటతో వాదన తేలిపోయింది. డాక్టరే చేతులెత్తేశాక ఇంకేముంది? కొడుకు తుక్కు వ్యాపారితో మాట్లాడాడు. కొత్త బండి కోసం ఎవరెవరినో కనుక్కోవడం మొదలుపెట్టాడు. తల్లికి తన మాట నెగ్గిందన్న తృప్తి కలిగింది. అది ఒక్క పూటే.

మర్నాడు బండి ఇచ్చేస్తారనగా, సాయంత్రం కోడలు బకెట్టు నీళ్లు, చీపురు తీసుకుని వ్యాను కడగడానికి వచ్చింది. ఆమె వెనక తలుపు దగ్గర ఉండగా తల్లి ముందు వైపు ఎక్కింది. బండితో పాటు పోకూడనిది ఒకటుంది లోపల. దాని సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ శబ్దం మొదలవడానికి ముందు ఒకసారి ఆమె పేపర్లో చదివింది. ఎక్కడో ఒక కారు కాలువలో పడింది, తలుపులు బిగుసుకుపోయాయి, అద్దం పగలగొట్టడానికి లోపల ఏమీ లేదు. ఆ వార్త చదివిన నాటి నుంచి ఆమెకు వంతెన వస్తే ఊపిరాడేది కాదు. సుత్తి ఒకటి బండిలో పెట్టుకోరా అంటే కొడుకు వినలేదు. అప్పటికే సీటు కింద ఆమె దాచిన తాడు, టార్చి, బిస్కెట్ల డబ్బా, ఊదే ఈల బయటపడి పెద్ద గొడవ అయింది. "ఇది వ్యానా, పడవా అమ్మా?" అని అన్నీ తీసి బయటపెట్టి, ఇంకేదీ పెట్టనని ఆమె చేత మాట తీసుకున్నాడు. మాట ఇచ్చిన వారంలోనే ఆమె సుత్తి తెచ్చింది. చప్పుడు కాకుండా దానికి పసుపు పేలిక చుట్టింది. తన సీటు పక్కన గోడరేకు పైభాగంలో అరచెయ్యి పట్టేంత చీలిక ఉంది. అందులోంచి లోపలికి దించి, లోపలి కొక్కేనికి దారంతో కట్టింది.

ఇప్పుడు ఆ చీలికలో చెయ్యి పెట్టింది. కొక్కెం తగిలింది. దారం తగిలింది. దారం చివర ఏమీ లేదు.

ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. లోపలి డొల్ల గోడ పొడుగునా వెనక చక్రం దాకా ఉంటుందని ఆమెకు తెలుసు. వెనక గోడంతా మూటల అరలు బిగించి ఉన్నాయి కాబట్టి ఆ రేకు ఎవరూ విప్పలేదు. బ్రేకు వేస్తే ముందుకు, ఎత్తెక్కితే వెనక్కి. చోటు మారే శబ్దం.

"ఏం వెతుకుతున్నారత్తయ్యా?" కోడలు వెనకనుంచి అడిగింది.

ఏమీ లేదంది. దిగి లోపలికి వెళ్లి, మడతపెట్టిన దుప్పట్లనే విప్పి మళ్లీ మడతపెట్టింది. భోజనాల దగ్గర అత్తగారు ప్రమాదాల ఊసెత్తకుండా అన్నం తినడం చూసి ఒంట్లో బాగోలేదేమోనని కోడలు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ చెయ్యి కూడా ఆమెకు భారంగా అనిపించింది. చెప్పకపోతే ఏమవుతుంది? రేపీపాటికి బండి తుక్కు కింద నలిగిపోతుంది, సుత్తీ దాంతోనే. కొత్త బండి తాను కోరుకున్నదే. ఎవరికీ తెలియదు. ఇలా ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా, గుడ్డతో స్క్రూడ్రైవర్ తుడుచుకుంటున్న ఆ మనిషి కళ్ల ముందుకొచ్చి నిలబడేవాడు.

పొద్దున్నే ముగ్గురూ ఎక్కి బండిని డాక్టరు షెడ్డుకే తీసుకెళ్లారు. అరలు విప్పి కొత్త బండి కోసం దాచుకోవాలి మరి. ఆయన పానా తీసుకుని పని మొదలుపెట్టాడు. తుక్కు వ్యాపారి బండి చుట్టూ తిరుగుతూ, తలుపు తట్టి, టైరు తన్ని, ధర తగ్గించడానికి నోటికొచ్చిందల్లా అంటున్నాడు. ఆ చప్పుడు దారిలో వెనకే వస్తూ తనూ విన్నానన్నాడు. పేరుకి డాక్టరు గానీ రోగం పట్టుకోలేకపోయాడట కదా, ఈ షెడ్డుకి ఇక బండ్లేం వస్తాయి, మా తుక్కువాళ్లమే రావాలి అని నవ్వాడు.

డాక్టరు తల ఎత్తలేదు. "నిజమే" అన్నాడు.

తల్లికి తల కొట్టేసినట్టయింది. ఆయన గనక ఎదురు తిరిగి ఉంటే బహుశా ఆమె ఇంకా ఊరుకునేదేమో. ఆ 'నిజమే' ఆమె వల్ల కాలేదు.

"ఆయన చెవులకేం కాలేదు" అంది. గొంతు చిన్నగానే వచ్చింది గానీ అందరూ తిరిగి చూశారు. "ఆ రేకు విప్పు తమ్ముడూ. లోపల నా సుత్తి ఉంది."

అరలు తీశాక రేకు విప్పడం ఎంతసేపు? కింద గాడిలో, చిరిగి మసిబారిన పసుపు పేలిక తోకలా వేలాడుతూ సుత్తి దొరికింది. పేలిక చూడగానే అది ఎవరింటిదో ఇంకెవరికీ చెప్పక్కర్లేకపోయింది. వ్యాపారి పొట్ట పట్టుకుని నవ్వాడు. కోడలు గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. అది నవ్వో ఏడుపో తల్లికి అర్థం కాలేదు. కొడుకు మాత్రం నవ్వలేదు. సుత్తిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎందుకమ్మా?"

"నువ్వు నీళ్లలో పడితే... అద్దం పగలగొట్టుకుంటావని."

"ఉందని నాకు తెలియాలి కదా?"

"ఫోన్ చేసి చెబుదామనుకున్నా."

కొడుకు బండి అమ్మడం లేదని వ్యాపారికి చెప్పి పంపేశాడు. తల్లిని ఒక్క మాట కూడా అనలేదు. ఆమెకు కావలసింది ఆ మాటే. నలుగురిలో గట్టిగా కేకలేసినా బాగుండేది, కాస్త బరువు దిగేది. వాళ్లు బండి చూసుకుంటూ ఉండగా ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన కింద పడిన బోల్టులు ఏరుకుంటున్నాడు.

"నన్ను నాలుగు మాటలు అను తమ్ముడూ. నాకు నీ ముందు ముఖం చెల్లడం లేదు."

"అనడానికేముందక్కా" అన్నాడాయన, ఏరడం ఆపకుండా. "ఆ రోజు నుంచీ ఇంటికెళ్లి గోడగడియారం కింద నిలబడి వింటున్నా. ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి. ఎంత దూరం దాకా వినబడుతోందా అని. ఇవాళ్టి నుంచి ఆ పని తప్పింది."

ఆమె వంగి ఆయనతో పాటు బోల్టులు ఏరింది.

క్లచ్ ప్లేటు మార్చారు, కమాన్ కట్టలు మార్చారు. అరలు మళ్లీ బిగించారు. సుత్తిని కొడుకు పారేయలేదు. ఎదురుగా డాష్‌బోర్డు మీద రెండు క్లిప్పులు కొట్టించి, అందరికీ కనబడేలా దాన్ని అక్కడ బిగించాడు. అతను వెటకారానికి చేసింది కాదు, ఉండాల్సిన వస్తువు ఉండాల్సిన చోట ఉండాలనే. కానీ తల్లికి బండెక్కిన ప్రతిసారీ అది తన మొహంలోకే చూస్తున్నట్టుండేది.

బాగుచేయించాక మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు బండి గేటు దాకా వచ్చేసినా కాపలావాడు గమనించలేదు. హారన్ కొడితే ఉలిక్కిపడి లేచి, గంటలేమయ్యాయండీ అని అడిగాడు. కొడుకు తల వంచుకోలేదు, బాగుచేయించామన్నాడు. ఏం చెడిందని వాడు అడుగుతాడేమోనని తల్లి చేతిసంచిని గట్టిగా పట్టుకుంది. వాడు అడగలేదు.

తిరుగుదారిలో, మూటలు దించేసి బండి ఖాళీగా వస్తుండగా ఆమె ఆ శబ్దం విన్నది. వెనక ఎడమ చక్రం దగ్గర, సన్నగా కిర్రుమని. గతుకు వస్తే ఒకసారి, మళ్లీ గతుకు వస్తే మళ్లీ. ఇదివరకైతే ఈపాటికి బండి ఆపించేది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని నోరెత్తుతుంది? చక్రం ఊడిపోయి పక్కనుంచి దొర్లుకుంటూ వెళ్లిపోవడం కళ్లకు కట్టినట్టు కనబడింది. ఎదురుగా సుత్తి. పెదవి కరుచుకుని కిటికీ బయటికి చూసింది. వంతెన వచ్చింది, వెళ్లింది.

మలుపు దగ్గర కొడుకు ఇంటివైపు తిప్పకుండా పెద్దరోడ్డు పట్టాడు.

"నాకూ వినబడుతోందమ్మా. డాక్టరు దగ్గర ఆగి చూపించి వెళదాం."

ఆమె చేతిసంచిని ఒళ్లోంచి తీసి, తెరిచి, లోపలున్నవన్నీ అతనికి కనబడేలా పట్టుకుంది.

"ఒట్టురా నాన్నా, ఈసారి నేనేం పెట్టలేదు."